రంగు పోయిన పాత చెక్క సామానుకు ఇంట్లోనే కొత్త రంగు వేసుకోవడం ఎలా

రంగు వెలిసిన పాత కుర్చీనో బల్లనో చూడగానే చాలామంది చేసే పని ఒకటే. నచ్చిన రంగు డబ్బా తెచ్చుకుంటారు, మూత తీసి కుంచె ముంచుతారు. మొదటి వారం చూడముచ్చటగానే ఉంటుంది. నెల తిరిగేసరికి అంచుల దగ్గర గోరు తగిలినా పొర లేస్తుంది, ఆ తర్వాత పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. తప్పు కొత్త రంగుది కాదు. అది చెక్కను పట్టుకోలేదు, చెక్క మీదున్న పాత రంగును పట్టుకుంది. ఆ పాత పొర ఎంత గట్టిదో కొత్తదీ అంతే గట్టిది. అందుకే ఏ సామాను ముట్టుకున్నా మొదటి పూటంతా నేను పాత రంగును చూడటానికే కేటాయిస్తాను. మీరూ అలాగే చేయండి, తర్వాతి పనంతా తేలికవుతుంది.

ఒక కుర్చీకో చిన్న బల్లకో చేతిపని ఐదారు గంటలకు మించదు. కానీ ఒక్కో పూత ఆరడానికి పట్టే సమయం కలుపుకుంటే నాలుగైదు రోజులు అవుతుంది. ఆ వ్యవధి లేకపోతే పని మొదలుపెట్టకండి. తొందరలో వేసిన రంగును మళ్ళీ గీకి తీయడానికి రెట్టింపు సమయం పడుతుంది.

సామాను గట్టిగా ఉందా?

కుర్చీని నేల మీద పెట్టి నాలుగు వైపులా ఊపి చూడండి. కాళ్ళు కదులుతుంటే ముందు ఆ అతుకుల కుసులు విప్పి, పాత జిగురు గీకేసి, కొత్తగా చెక్క జిగురు పెట్టి, తాడుతో బిగించి ఒక రాత్రంతా వదిలేయండి. కదిలే అతుకు మీద ఎంత మంచి రంగు వేసినా ఆ గీత దగ్గర పగులుతుంది.

తర్వాత అడుగుభాగం, వెనకభాగం చూడండి. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే సామాను కింద ఒక తెల్ల కాగితం పరిచి రెండు మూడు రోజులు ఉంచండి. కాగితం మీద మెత్తటి పిండిలాంటి పొడి రాలిందంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. దానికి తగిన మందు పట్టించి, పొడి రాలడం ఆగిందని రూఢి చేసుకున్నాకే ముందుకు వెళ్ళండి. రంధ్రాలున్నా పొడి లేకపోతే అవి చాలావరకు పాతవే, లప్పంతో పూడ్చేస్తే సరిపోతుంది.

పిడులు, మడతబందులు, గొళ్ళేలు అన్నీ విప్పేయండి. వాటి చుట్టూ జాగ్రత్తగా వేద్దాంలే అనుకుంటారు గానీ కుదరదు. ఏ తలుపు స్క్రూలు ఆ తలుపువిగా చిన్న కవర్లలో వేసి పేరు రాసి పెట్టుకోండి. స్క్రూ రంధ్రం వదులైపోయి ఉంటే అగ్గిపుల్లకు మందు తీసేసి, జిగురులో ముంచి ఆ రంధ్రంలో దూర్చి, ఆరాక పైకి ఉన్న ముక్కను కోసేయండి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ కొత్తదానిలా పట్టుకుంటుంది.

పాత రంగు ఏమంటోంది?

మూడు విషయాలు తెలుసుకోవాలి: పాత రంగు ఏ రకం, ఎంత గట్టిగా ఉంది, అందులో సీసం ఉందా.

రకం తెలుసుకోవడానికి, కనిపించని మూలలో సబ్బు నీళ్ళతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. దూదిని మెథిలేటెడ్ స్పిరిట్‌లో తడిపి అక్కడ గట్టిగా ఒక నిమిషం రుద్దండి. దూదికి రంగు అంటుకుని, ఉపరితలం జిగటగా మారితే అది నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రకం రంగు. ఏమీ కాకపోతే ఆయిల్ ఎనామిల్ అనుకోవచ్చు. పాత చెక్క సామానులో ఎక్కువగా తగిలేది రెండోదే.

గట్టితనం తేలడానికి పదునైన బ్లేడుతో రంగు మీద చెక్క తగిలేంత లోతుగా ఇంటూ గుర్తు కోయండి. దాని మీద బాగా అంటుకునే టేపు అంటించి, వేలి గోటితో రుద్ది, ఒక నిమిషం ఆగి ఒక్క ఊపున లాగండి. టేపును వెలుతురులో పట్టుకుని చూడండి. గీతల వెంట సన్నటి పొట్టు తప్ప ఏమీ రాకపోతే పాత పూత ఆరోగ్యంగా ఉంది, దాన్ని పునాదిగా ఉంచుకోవచ్చు. రెండు గీతల మధ్య నుంచి రంగు రేకులు రేకులుగా టేపుతో వచ్చేస్తే ఆ పొర మీద కొత్త రంగు వేయడం వృథా. ఈ పరీక్ష ఒకేచోట చేసి ఊరుకోకండి. ఎండ తగిలే పక్క, చేతులు పడే పక్క, నేలకు దగ్గరగా ఉండే కాళ్ళు, మూడు చోట్లా చేయండి. కాళ్ళ దగ్గర తడి తగిలి పొర వదులైపోయి, పైన మాత్రం గట్టిగా ఉండటం మామూలే.

సీసం సంగతి నిర్లక్ష్యం చేయకండి. ఒకప్పుడు రంగులు త్వరగా ఆరడానికి, మెరుపు నిలవడానికి సీసం కలిపేవారు. ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో అది ఎక్కువ. ఇళ్ళకు వాడే రంగుల్లో అమెరికా దీన్ని 1978లో నిషేధించింది. భారతదేశంలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే మీ సామాను ఎంత పాతదైతే అనుమానం అంత ఎక్కువ. సీసాన్ని గుర్తించే పరీక్ష కిట్లు దొరుకుతాయి. సీసం ఉన్నట్టు తేలినా, అనుమానం తీరకపోయినా ఆ రంగును పొడిగా రుద్దకండి, మంటతో అసలు కాల్చకండి. పొర గట్టిగా ఉంటే తడి చేసి పైపైన గరుకు చేసి, రంగుకు ముందు వేసే పూత అయిన ప్రైమర్‌తో కప్పేయడం మేలు. రాలిపోతున్న పొర అయితే ఆ పని తెలిసినవాళ్ళకు అప్పగించండి. పిల్లల ఉయ్యాల, పిల్లల మంచం అయితే మరీ జాగ్రత్త. పళ్ళు వచ్చే వయసులో పిల్లలు అంచులు కొరుకుతారు. పని జరిగేచోట చిన్నపిల్లలు, గర్భిణులు ఉండకూడదు. పీ100 ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి, గుడ్డ మాస్కు ఈ దుమ్మును ఆపదు. రాలినదాన్ని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

జిడ్డు వదిలించడం

గరుకు కాగితం పట్టుకోవడానికి ముందే సామానును కడగాలి. వరుస తప్పితే జిడ్డును కాగితంతో రుద్ది రుద్ది గీతల్లోకి ఇంకా లోతుగా ఎక్కిస్తారు. నేను ఒకసారి ఒక బీరువా తలుపుల విషయంలో ఇదే తప్పు చేశాను. చూడటానికి శుభ్రంగానే ఉన్నాయి కదా అని కడగకుండా రుద్ది రంగు వేశాను. పిడి చుట్టూ, సరిగ్గా అరచేయి పడేంత మేర, రంగు పరుచుకోకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోయింది. ప్రతి గుంట చుట్టూ చేపకన్నులా ఒక వలయం. ఏళ్ళ తరబడి చేతుల నూనె, పాలిష్ మైనం అక్కడ పేరుకుని ఉన్నాయి. ఆ తలుపులు మొత్తం గీకి మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

గోరువెచ్చని నీళ్ళలో కొంచెం డిటర్జెంటు కలిపి, గుడ్డ పిండి తుడవండి. చెక్క మీద నీళ్ళు నిలవకూడదు. తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు తుడిచి సబ్బు మిగలకుండా చూడండి. మైనం పాలిష్ పట్టించిన సామానైతే, ఆరాక టర్పెంటైన్ తడిపిన గుడ్డతో మరోసారి తుడవండి. గుడ్డను తరచూ తిప్పండి, మురికి గుడ్డతో తుడిస్తే జిడ్డును పక్కకు జరిపినట్టే. ఒక రాత్రి గాలికి ఆరబెట్టండి.

రుద్దడం: అసలు పని ఇదే

పాత పొర పరీక్షలో నెగ్గితే దాన్ని మొత్తం గీకి చెక్క దాకా పోవాల్సిన అవసరం లేదు. మెరుపు పోగొట్టి, కొత్త రంగు పట్టు దొరికేలా సన్నటి గీతలు తేవడమే ఇక్కడ కావలసింది. 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించండి. నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది. ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే పడే గీతలు రెండు పూతల కింద నుంచి కూడా కనిపిస్తాయి. చదునైన చోట కాగితాన్ని చిన్న చెక్క దిమ్మెకు చుట్టి రుద్దండి. ఒట్టి వేళ్ళతో రుద్దితే వేళ్ళ కింద పల్లాలు పడతాయి. నగిషీ చెక్కిన కాళ్ళకు, గాడులకు కాగితాన్ని సన్నటి పట్టీలుగా చింపి రెండు చేతులతో అటూ ఇటూ లాగండి.

రంగు పెచ్చు ఊడిన చోట్ల ఎక్కువ సమయం పెట్టాలి. అక్కడ పాత పొర అంచు మెట్టులా నిలబడి ఉంటుంది. 120 నంబరు కాగితంతో ఆ మెట్టును బయటివైపుకు వాలు చేస్తూ రుద్దండి. పూర్తయిందో లేదో కళ్ళతో చూసి తేల్చుకోకండి. కళ్ళు మూసుకుని చూపుడువేలి కొసను పాత రంగు మీది నుంచి బట్టబయలైన చెక్క మీదికి మెల్లగా జరపండి. అంచు ఎక్కడుందో వేలికి తెలియకూడదు. తెలిసిందంటే ఇంకా రుద్దాలి. ఇప్పుడు వేలికి తగిలిన ప్రతి మెట్టూ మెరుపు రంగు వేశాక నాలుగడుగుల దూరం నుంచి కంటికి తగులుతుంది. గది చీకటి చేసి టార్చి వెలుతురును పక్కవాటుగా పడనిస్తే మిగిలిన ఎగుడుదిగుళ్ళు నీడలు వేసి తమ జాడ తామే చెబుతాయి.

పొర పరీక్షలో ఓడిపోతే స్క్రేపర్‌తో వదులుగా ఉన్నదంతా గీకి, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180, 220 వరుసలో రావాలి. రంగు కరిగించే రసాయనాలు వాడేట్టయితే ఆరుబయటే వాడండి. డైక్లోరోమీథేన్ ఉన్నవి ఇంట్లోకి రానివ్వకండి. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. వేడిగాలి ఊదే హీట్ గన్ వాడితే ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండండి. సీసం ఉన్న రంగు మీద ఇవేవీ వద్దు.

అంతా అయ్యాక మెత్తటి బ్రష్‌తో మూలల్లో దుమ్ము దులిపి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవండి. అరచేత్తో నిమిరితే చేతికి తెల్లటి పొడి అంటకూడదు.

లప్పం

గుంటలకు, స్క్రూ రంధ్రాలకు, చిన్న పగుళ్ళకు చెక్క లప్పం పట్టాలి. ఇంట్లో లప్పం లేకపోతే రంపపు పొట్టును చెక్క జిగురులో ముద్దగా కలిపినా చిన్న రంధ్రాలకు పనికొస్తుంది. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి కాస్త ఉబ్బెత్తుగా పెట్టండి. లోతు గుంటను ఒకేసారి నింపకండి. పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రెండు మూడు విడతలుగా, ఒక్కోటి ఆరాక మరొకటి పట్టండి. చివర్లో 180తో, తర్వాత 220తో చదును చేయండి.

ప్రైమర్ ఎందుకు తప్పదంటే

పాత పూత అక్కడక్కడా, పచ్చి చెక్క అక్కడక్కడా, లప్పం అక్కడక్కడా. ఈ మూడూ రంగును మూడు రకాలుగా పీల్చుకుంటాయి. నేరుగా రంగు వేస్తే లప్పం ఉన్నచోట మెరుపు చచ్చి మచ్చలుగా కనిపిస్తుంది. ప్రైమర్ ఈ తేడాను చెరిపేస్తుంది, పట్టు కూడా ఇస్తుంది. పాత ఆయిల్ ఎనామిల్ మీద నీళ్ళలో కలిసే రంగు వేయాలనుకుంటే, నునుపైన ఉపరితలాలకు అతుక్కునే బాండింగ్ ప్రైమర్ అడిగి తీసుకోండి. మామూలు వాల్ ప్రైమర్ పనికిరాదు.

టేకు, ఓక్ లాంటి చెక్కల్లో టానిన్లు అనే సహజ పదార్థాలు ఉంటాయి. నీళ్ళు తగిలితే అవి పైకి వచ్చి తెల్లరంగులో పసుపు, గోధుమ మరకలు తెస్తాయి. కొమ్మ మొలిచిన చోట చెక్కలో గుండ్రంగా ముదురుగా కనిపించే కన్ను కూడా జిగురు కార్చి అదే పని చేస్తుంది. ఎన్ని పూతలు వేసినా ఆ మరక మళ్ళీ పైకి తేలుతుంది. దాన్ని ఆపేది లక్కతో చేసిన షెల్లాక్ ప్రైమర్. లేత రంగు వేయాలనుకుంటే, పచ్చి చెక్క బయటపడిన చోట్ల ముందు ఇది ఒక పూత వేయండి. ముదురు రంగుకు ఈ బాధ అంతగా లేదు.

ప్రైమర్ పలచగా ఒక పూత చాలు. ఆయిల్ ప్రైమర్‌కు ఒక రోజు, నీటి ప్రైమర్‌కు కొన్ని గంటలు ఆగి, 220 లేదా 320తో తేలిగ్గా రుద్ది తుడిచేయండి. ప్రైమర్ పడ్డాక అంతకు ముందు కనపడని గుంటలు బయటపడతాయి. అప్పుడే పూడ్చి, ఆ ముక్క మీద మళ్ళీ ప్రైమర్ రాయండి.

ఏ రంగు, ఏ కుంచె

ఆయిల్ ఎనామిల్ గట్టిపడితే బలంగా ఉంటుంది, కుంచె గీతలు తమంతట తామే సర్దుకుంటాయి. కానీ వాసన ఎక్కువ, ఆరడం ఆలస్యం, వెలుతురు తక్కువున్నచోట తెల్లరంగు కొన్నాళ్ళకు పసుపు తిరుగుతుంది. నీళ్ళలో కలిసే యాక్రిలిక్ ఎనామిల్ త్వరగా ఆరుతుంది, తెలుపు తెలుపుగానే ఉంటుంది, కుంచె నీళ్ళతో కడుక్కోవచ్చు. గాలి సరిగా ఆడని ఇంట్లో, తెల్లరంగు వేసేచోట నేను రెండోదే ఎంచుకుంటాను. గోడలకు వేసే ఎమల్షన్ మాత్రం సామానుకు వేయకండి, చేతులు తగిలే రాపిడికి నిలవదు. పాత ఎనామిల్ మీద ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కూడా వద్దు. దాని థిన్నర్ కింది పొరను ముడతలు పడేలా చేస్తుంది.

ఆయిల్ రంగుకు సహజ వెంట్రుకల కుంచె, నీటి రంగుకు నైలాన్ లేదా పాలియెస్టర్ కుంచె. సహజ వెంట్రుకలు నీళ్ళు పీల్చి మెత్తబడి విచ్చుకుంటాయి. రెండంగుళాల కుంచె, చదునైన బల్లపై భాగాలకు చిన్న స్పాంజి రోలర్ ఉంటే ఇంటి సామానుకు సరిపోతుంది. లీటరు ఎనామిల్ ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది, కాబట్టి రెండు కుర్చీలకు పెద్ద డబ్బా అక్కర్లేదు.

రంగు వేయడం

రంగును కదపకుండా వాడకండి. అడుగున పేరుకున్నది కర్రతో పైకి తెచ్చి బాగా కలపాలి. సగం వాడిన పాత డబ్బా అయితే పలచటి గుడ్డలో వడకట్టండి. డబ్బాలో నేరుగా ముంచకుండా చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం పోసుకుంటే మిగిలిన రంగులోకి దుమ్ము చేరదు.

వాన పడే రోజు, ఎండ నేరుగా పడే చోటు రెండూ మంచివి కావు. తేమ ఎక్కువైతే ఆరడం ఆలస్యమై ఎనామిల్ మెరుపు మసకబారుతుంది. ఎండలో పైపొర చప్పున ఎండి కుంచె గీతలు అలాగే నిలిచిపోతాయి.

కుర్చీని బోర్లా వేసి కాళ్ళు, అడుగు ముందు వేయండి. తర్వాత నిలబెట్టి వీపు, చివరకు కూర్చునే పలక. పలకల తలుపుకైతే ముందు లోపలి పలక, తర్వాత అడ్డ పట్టీలు, ఆఖరున నిలువు పట్టీలు. కుంచె వెంట్రుకల్లో మూడో వంతు మాత్రమే ముంచి, గిన్నె అంచుకు తట్టండి. ఒక అడుగు మేర రంగు పరిచి, అక్కడ ఆపకుండా తడి అంచు మీదికే తర్వాతి అడుగును కలుపుతూ పోండి. చివర్లో దాదాపు ఖాళీ కుంచెను ఏటవాలుగా పట్టుకుని, బరువు వేయకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి లాగి వదిలేయండి. మళ్ళీ అక్కడికి వెనక్కి రావద్దు. సగం ఆరిన రంగును సర్దబోతే తోలు ఊడినట్టు చిరుగుతుంది. పది నిమిషాలయ్యాక మాత్రం మూలలు, అంచుల కింద ఒకసారి చూడండి, రంగు కారేది అక్కడే. ఇంకా తడిగా ఉంటే కుంచెతో తుడిచేయొచ్చు. గట్టిపడటం మొదలైతే ముట్టకుండా పూర్తిగా ఆరాక రుద్ది తీసేయండి.

మొదటి పూత చూసి నిరాశపడకండి. కింది రంగు తొంగిచూస్తూ, చారలుగా ఉంటుంది. దాన్ని కప్పేయాలని దట్టంగా వేస్తేనే పని చెడుతుంది. ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. దట్టంగా వేస్తే పైన తొక్క కట్టి, లోపలికి గాలి అందక వారాల తరబడి మెత్తగా ఉండి ముడతలు పడుతుంది. పలచగా రెండు పూతలు, లేత రంగైతే మూడు. డబ్బా మీద రాసినంత సమయం ఆగి, పూతకూ పూతకూ మధ్య 320తో తేలిగ్గా రుద్ది తుడవండి.

సొరుగులు జారే పక్కలకు, పట్టాలకు రంగు వేయకండి. రెండు పూతల మందం చాలు సొరుగు బిగుసుకుపోవడానికి. అక్కడ కొవ్వొత్తి ముక్కతో రుద్దితే హాయిగా జారుతుంది. మాస్కింగ్ టేపు అంటించి ఉంటే ఆఖరి పూత ఇంకా కొంచెం తడిగా ఉండగానే ఏటవాలుగా లాగేయండి.

లిన్సీడ్ (అవిసె) నూనె, ఆయిల్ రంగులతో తడిసిన గుడ్డలను ముద్ద చేసి చెత్తబుట్టలో పడేయకండి. నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దలో ఆ వేడి పోయే దారి లేక దానంతట అదే నిప్పంటుకోవచ్చు. విప్పి బయట పరిచి పూర్తిగా ఆరాకే పడేయండి.

ఆరింది, కానీ గట్టిపడలేదు

చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. యాక్రిలిక్ ఎనామిల్ గంటల్లో ఆరినట్టే ఉంటుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నేను ఒక పుస్తకాల అరకు రంగు వేసి, మూడో రోజే పుస్తకాలు సర్దేశాను. కొన్ని నెలలకు ఒక పుస్తకం తీయబోతే అది కదల్లేదు. గట్టిగా లాగితే అట్ట అడుగు అంచు అరకే ఉండిపోయింది. అర మీద పుస్తకం మందమంత గీత, దాని పక్కన రంగు లేచిపోయిన మచ్చ ఇప్పటికీ ఉన్నాయి. బరువైనవి ఏవైనా నెల రోజులు ఆగి పెట్టండి. ఈలోగా వాడక తప్పకపోతే తేలికైనవి పెట్టి, రోజుకొకసారి జరుపుతూ ఉండండి. తలుపులు పూర్తిగా మూయకుండా సందు ఉంచండి, మూస్తే అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తడిగుడ్డతో తుడవడం కూడా ఆ నెలంతా వద్దు.

పిడులు, మడతబందులు బిగించేది కూడా కనీసం రెండు మూడు రోజులు ఆగాకే, చేతి స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా. మిగిలిన రంగును చిన్న గాజు సీసాలోకి నిండుగా పోసి బిగించండి, గాలి తక్కువుంటే తొక్క కట్టదు. సీసా మీద రంగు నంబరు, తేదీ, ఏ సామానుకు వేశారో రాసిపెట్టుకుంటే, మొదటి గీత పడిన రోజున సన్న కుంచె ఒక్కటి చాలు.